నాలుగు తోమిన రూపాయలు, ఒక తోమని రూపాయి

వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు మా ఇంట్లో వెండి సామాను తోమే రోజు. పెరట్లో బావిగట్టు మీద కలశం చెంబు, కుంకుమ భరిణె, హారతి పళ్లెం, దీపపు కుందులు వరుసగా పేర్చి, వాటి పక్కన నాలుగు రూపాయి నాణేలు పెట్టేది అమ్మ. ముందు చింతపండు, తర్వాత విభూతి, చివర్లో తాతయ్య పాత పంచె ముక్క. నాణేలు తోమే పని నాది. నాణేన్ని చూపుడువేలి మీద ఆనించి బొటనవేలితో గుండ్రంగా రుద్దేవాణ్ని. రాజుగారి బుగ్గ తళతళలాడితే అమ్మ మెచ్చుకునేది. ఆ మెప్పు కోసం ఇంకాస్త రుద్దేవాణ్ని.

అవి నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రూపాయలు. మొత్తం అయిదు ఉండేవని, ఒకటి ఎక్కడో పోయిందని ఇంట్లో చెప్పుకునేవారు. పాత ఇల్లు విప్పుతున్నప్పుడు భోషాణంలోంచి తాతయ్య చిట్టా పుస్తకాలు బయటపడ్డాయి. వాటిలో ఒకదానికి అట్ట లోపలివైపు చిన్న గుడ్డ జేబు కుట్టి ఉంది. అయిదో రూపాయి అందులో దొరికింది. ఎన్ని దశాబ్దాలుగా అక్కడే ఉందో ఎవరికీ తెలియదు. దాన్ని ఆ రోజు చూసిన చూపుతోనే నేను నాణేల సేకరణలోకి వచ్చాను. ఇవాళ ఇది రాయడానికి కారణం కూడా అదే.

దాని మీద 1919 అని ఉంది. తోమిన నాలుగింటిలో ఒకటి కూడా 1919దే. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే ఏడాది, ఒకే రాజు, ఒకే బరువు. రెండూ ఒకే నాణెం అంటే మాత్రం నమ్మబుద్ధి కాదు.

అయిదో జార్జి రాజు మెడలో ఒక హారం ఉంటుంది. ఆ హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. 1911లో మొదటిసారి ఈ రూపాయి వచ్చినప్పుడు ఆ ఏనుగు తొండం పొట్టిగా ఉండి అది పందిలా కనిపించింది. ముస్లింలు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కి తీసుకుని, 1912 నుంచి తొండం, చెవి స్పష్టంగా కనిపించేలా కొత్త అచ్చు చేయించింది. సేకర్తలు నేటికీ 1911 రూపాయిని 'పంది రూపాయి' అనే పిలుస్తారు. నేను తోమిన 1919 రూపాయిలో ఏనుగు లేదు. అది ఉండవలసిన చోట ఒక నున్నటి బొడిపె ఉంది. రాజు వస్త్రం మీది అల్లిక అంతా ఒక్కటైపోయింది. చిట్టా పుస్తకంలో దొరికిన రూపాయిలో ఏనుగు చెవి మడత కూడా కనిపిస్తోంది.

ఇక రంగు. అంచు చుట్టూ సన్నగా నెమలికంఠం నీలం. దాని లోపల రాణి రంగు. ఇంకాస్త లోపలికి వస్తే తేనె రంగు, ఆ తర్వాత ఉల్లిపొర లాంటి లేత పసుపు. నడిమధ్యలో, రాజు చెవి దగ్గర, వెండి వెండిగానే ఉంది. దీపం కింద నాణేన్ని నెమ్మదిగా తిప్పితే ఆ రంగుల అడుగున బండిచక్రం ఆకుల్లాంటి మెరుపు గుండ్రంగా తిరుగుతుంది. తోమిన రూపాయిని తిప్పితే మెరుపు తిరగదు. ఎటు తిప్పినా ఒకేలా తెల్లగా ఉంటుంది. భూతద్దం పెడితే సన్నటి గీతలు గుండ్రంగా కనిపిస్తాయి. అవి నా బొటనవేలు తిరిగిన దారులు.

తెలుగులో రాగికీ ఇత్తడికీ పట్టేదాన్ని చిలుము అంటాం, ఇనుముకు పట్టేది తుప్పు. వెండికి పట్టేదానికి మాత్రం మనకు నామవాచకం లేదు, 'నల్లబడింది' అని ఊరుకుంటాం. మనిషి ఎండకు నల్లబడినట్టు, అది కడిగితే పోయే విషయమే అన్నట్టు. సేకర్తలు దాన్ని టోనింగ్ అంటారు. వేరే మాట దొరికేవరకు నేనూ అదే వాడతాను.

ఇందులో జరిగేది తెలిస్తే తోమడానికి చెయ్యి రాదు. గాలిలో ఎప్పుడూ కొద్దిపాటి గంధక వాయువులు ఉంటాయి. కాగితపు అట్టల్లోంచి, ఉన్నిలోంచి, రబ్బరులోంచి, ఉడికిన కోడిగుడ్డులోంచి అవి వస్తూనే ఉంటాయి. వెండి వాటితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. ఆ పొర మొదట్లో వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు కూడా సరిపోదు. అంత పలుచని పొర పైన తగిలి కొంత వెలుగు, కింద వెండి మీద తగిలి కొంత వెలుగు వెనక్కి వస్తాయి. ఆ రెండూ కలిసేటప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. సబ్బు బుడగ మీద, వాన పడిన రోడ్డు మీద ఒలికిన నూనెలో కనిపించే రంగులు పుట్టేది ఇలాగే. అందులో రంగు పదార్థం ఏమీ లేదు, మందం మాత్రమే ఉంది. పొర పెరిగేకొద్దీ లేత పసుపు, తేనె రంగు, రాణి రంగు, నీలం, లేత నీలం, మళ్లీ పసుపు, మళ్లీ రాణి రంగు, ఆకుపచ్చ, ఇలా ఒక వరుసలో వస్తాయి. చివరికి బూడిద రంగు, నలుపు. ఈ వరుసను గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

అసలు విషయం ఒకటుంది. ఆ సల్ఫైడ్‌లోని వెండి ఎక్కడినుంచో వచ్చి పడింది కాదు. అది నాణెం పైపొరే. టంకసాలలో అచ్చు దెబ్బ పడ్డప్పుడు లోహం మధ్య నుంచి అంచు వైపు పారి, కంటికి ఆనని సన్నటి చాళ్లు ఏర్పడతాయి. చక్రంలా తిరిగే ఆ మెరుపు ఆ చాళ్లది. టోనింగ్ ఆ చాళ్ల మీదే పుడుతుంది, ఆ చాళ్ల ఆకారంలోనే పెరుగుతుంది. తుడిచేస్తే నలుపుతో పాటు చాళ్లూ పోతాయి. దుమ్ము దులపడం వేరు, చర్మం గీకడం వేరు. మేము ఏటా శ్రావణమాసంలో గీకింది చర్మాన్ని.

అందుకే నా వాదన ఇది: నల్లబడిన వెండి నాణెం పాడైన నాణెం కాదు. ఎవరూ ముట్టుకోలేదని చెప్పే సాక్ష్యం దానికున్నది అదొక్కటే.

1919 రూపాయి అరుదైనదేమీ కాదు. ఆ రోజుల్లో కోట్ల సంఖ్యలో అచ్చు వేశారు. ఎందుకంత వేశారో ఒకసారి చూడాలి. అంతకు ముందటి ఏళ్లలో మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. వెండి దొరకడం లేదు. జనం రూపాయలు దాచుకుంటున్నారు, నోట్లు పట్టుకెళ్లి వెండి ఇమ్మంటున్నారు. 1917 నవంబరు 30 తేదీతో మొదటి ఒక రూపాయి నోటు వచ్చింది ఆ కరువులోనే. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానా సంచుల్లో మూలుగుతున్న వెండి డాలర్లలో 27 కోట్లకు పైగా కరిగించింది. అందులో అత్యధిక భాగం బ్రిటన్ కొని మన దేశానికి పంపింది. ఆ వెండి రూపాయలయింది. మా నాయనమ్మ రూపాయిలో అమెరికా డాలరు వెండి కొంత ఉండవచ్చని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కరిగిపోని డాలర్ల కథ ఇంకా విచిత్రం. 1878లో మొదలైన మోర్గన్ డాలర్లు వెయ్యేసి చొప్పున గోనెలాంటి మందపాటి గుడ్డ సంచుల్లో దశాబ్దాలపాటు అమెరికా ఖజానా నేలమాళిగల్లో పడి ఉన్నాయి. 1960ల తొలి సంవత్సరాల్లో ఆ సంచులు బయటికి వచ్చినప్పుడు, గుడ్డకు ఆనుకుని ఉన్న నాణేల మీద ఇంద్రధనుస్సు పూసి కనిపించింది. కొన్నిటి మీద గుడ్డ నేత కూడా అచ్చుపడింది. పక్క నాణెం అడ్డుపడ్డ చోట నెలవంక ఆకారంలో తెల్లగా మిగిలింది. అట్టతో చేసిన పాత ఆల్బముల్లో పెట్టిన నాణేలకు అంచు నుంచి లోపలికి వలయాలుగా రంగు వచ్చింది. మా తాతయ్య చిట్టా అట్ట చేసిందీ ఇదే పని. అక్కడి సేకర్తలు అలాంటి డాలరుకు మామూలు తెల్ల డాలరు ధరకు ఎన్నో రెట్లు పెడతారు. మన దగ్గర దాన్ని చింతపండులో వేస్తాం.

మన దగ్గర అచ్చయినవి ఇన్ని కోట్లు కదా, మరి తాజాగా మిగిలినవి ఏవి? చాలా వాటిని కంసాలి కొలిమిలో కరిగించి పట్టీలు, కడియాలు, మొలతాళ్లు చేయించారు. రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. మన పాత తులం కొలత అదే కాబట్టి తూకానికీ, పోతకీ అంతకంటే అనువైనది లేదు. కొన్నిటికి కొక్కెం అతికించి దండలు గుచ్చారు. లంబాడీ స్త్రీల నగల్లో ఆ రూపాయలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని నేను తప్పు పట్టను. నగ అయిన రూపాయికి నగగా ఒక జీవితం ఉంది. మిగిలినవి చేతులు మారి అరిగాయి. అదీ కానివి దేవుడి గదుల్లో, మా ఇంట్లోలాగే, భక్తితో అరిగాయి. కాబట్టి సంవత్సరం చూసి అరుదు, మామూలు అని లెక్కవేయడం సగం లెక్కే. ఆరో జార్జి 1939 రూపాయి లాంటివి ఏ స్థితిలో ఉన్నా అరుదే. కానీ మామూలు సంవత్సరం రూపాయి టంకసాల మెరుపుతో, ముట్టుకోని రంగుతో కనిపిస్తే అది కూడా అరుదైన నాణెమే. దుకాణాల్లో ఈ మాట చెబితే చాలామంది తల ఊపుతారు, ధర దగ్గర మాత్రం తెల్లటి నాణేన్నే పైన పెడతారు.

కొన్నేళ్ల కిందట ఒక నాణేల ప్రదర్శనలో బల్ల ముందు నిలబడి ఒక పెద్దాయనను అడిగాను, ఇన్ని విక్టోరియా రూపాయలు ఇంత తెల్లగా ఎలా ఉన్నాయని. ఆయన దాచలేదు. బల్ల కింద నుంచి చిన్న సీసా తీసి చూపించాడు. "నల్లగా ఉంటే ఎవరూ ఆగి చూడరు బాబూ. ఇందులో ముంచి తీస్తే అర నిమిషంలో కొత్తది అయిపోతుంది" అన్నాడు. ఆయన అబద్ధం ఆడటం లేదు. కొనేవాళ్లం మనం అడిగిందే ఆయన ఇస్తున్నాడు. ఆ ద్రావకంలో ఆమ్లం, థయోయూరియా అనే రసాయనం ఉంటాయి. సల్ఫైడ్‌ను అవి కరిగించేస్తాయి, ఆ సల్ఫైడ్‌గా మారిన వెండి కూడా దానితో పాటే పోతుంది. ఒకసారి ముంచితే నష్టం కంటికి కనిపించకపోవచ్చు. చేతులు మారిన ప్రతిసారీ ముంచితే చాళ్లు కరిగి, నాణెం సున్నం కొట్టిన గోడలా జీవం లేకుండా తెల్లబడుతుంది. సరిగా కడగకపోతే తర్వాత పసుపు, గోధుమ మరకలు తేలతాయి.

ఇప్పుడు దీనికి తలకిందులుగా ఇంకో జబ్బు మొదలైంది. రంగు ఉన్న నాణేలకు బయటి దేశాల్లో గిరాకీ ఉందని తెలిశాక రంగు వేయడం నేర్చుకున్నారు. గంధకం పొగ పెడతారు, వేడి చేస్తారు, రసాయనాల్లో ముంచుతారు. నేనూ మోసపోయాను. 1862 విక్టోరియా రూపాయి ఒకటి, ఊదా, ఆకుపచ్చ రంగుల్లో మండిపోతూ కనిపిస్తే ఆగలేక కొన్నాను. ఇంటికి తెచ్చి దీపం కింద పెట్టాక, ఇందాక గుర్తుపెట్టుకోమన్న వరుస గుర్తొచ్చింది. ఆకుపచ్చ రావాలంటే పొర పసుపు, రాణి, నీలం దశలు దాటి, మళ్లీ ఇంకో చుట్టు తిరిగి రావాలి. ఈ నాణెం మీద తెల్లటి వెండిని ఆనుకుని నేరుగా ఆకుపచ్చ ఉంది. మధ్యలో ఏ మెట్టూ లేదు. సహజమైన రంగు అక్షరాల అంచుల దగ్గర, లోహం ఎక్కువగా పారిన చోట, కాస్త వెనక్కి తగ్గి సన్నటి తెల్లగీత వదులుతుంది. దీని మీద రంగు గుంటల్లోకి సిరాలా పారింది. అన్నిటికంటే నన్ను బాధించింది ఇంకొకటి. రంగు అడుగున గుండ్రటి గీతలు ఉన్నాయి. నా బొటనవేలు చేసినలాంటి గీతలే. ఎవరో ఏళ్లతరబడి తోమారు, ఇంకెవరో దాన్ని కప్పిపుచ్చడానికి రంగు పూశారు.

ఆ రూపాయిని అమ్మలేదు. ఎవరైనా సేకరణ మొదలుపెడతామని వస్తే ముందు అదే చేతికిస్తాను.

టోనింగ్‌ను ఇంతగా మెచ్చుకుంటున్నావు, నిజానికి అది లోహం తినబడటమే కదా అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. అవును, రసాయన శాస్త్రం ప్రకారం అది క్షయమే. పలుచగా ఉన్నంతవరకు అడుగున మెరుపు బతికే ఉంటుంది. మందమై బొగ్గులా నల్లబడితే చాళ్లు కూడా చెడిపోతాయి. అలాంటిదాన్ని అందమని నేను అనను, ఎక్కువ ధర పెట్టమని అసలే చెప్పను. దట్టమైన రంగు గీతలను దాస్తుంది కూడా. నాణెం స్థితికి 1 నుంచి 70 దాకా అంకె వేసే గ్రేడింగ్ కొలమానంలో 62కీ 65కీ తేడా చిన్నచిన్న దెబ్బల లెక్క మీదే ఉంటుంది. కాబట్టి రంగు చూసి మురిసేముందు దాని కింద మెరుపు తిరుగుతోందో లేదో చూడాలి. మెరుపు లేని రంగుకు విలువ లేదు. నాణేన్ని వదిలేసి రంగును కొనేవాళ్లను చూసినా నాకు దిగులే. నేను చెప్పేది అంతకంటే చిన్న విషయం. జరిగిన క్షయం ఎలాగూ జరిగిపోయింది. తోమితే అది వెనక్కి తిరగదు, దానికి ఇంకో క్షయం తోడవుతుంది.

ముట్టుకోవలసిన సందర్భాలు లేకపోలేదు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో ఏళ్లతరబడి ఉన్న నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది. అది లోహాన్ని తినేస్తూనే ఉంటుంది. దాన్ని స్వచ్ఛమైన అసిటోన్‌లో ఉంచి తీయవచ్చు. అసిటోన్ జిడ్డును, జిగురును కరిగిస్తుంది, వెండి జోలికి, సల్ఫైడ్ జోలికి పోదు. దూదితో కూడా రుద్దకూడదు. మంట దరిదాపుల్లో ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. వంటింట్లో అల్యూమినియం రేకు, సోడా ఉప్పు వేసి వెండి తెల్లబరిచే చిట్కా గిన్నెలకు సరే, నాణేలకు వద్దు.

నాకు ఎక్కువ ఇష్టమైనవి హైదరాబాదు రూపాయలు. హాలీ సిక్కా అని తెలంగాణలో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1903 ప్రాంతంలో, సైఫాబాదు టంకసాలలో యంత్రాల మీద చార్మినార్ బొమ్మతో రూపాయలు కొట్టడం మొదలైంది. చార్మినార్ ద్వారంలో ఆయన పేరులోని మొదటి ఉర్దూ అక్షరం 'మీమ్' ఉంటుంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాక ఆ చోట 'ఐన్' వచ్చింది. బ్రిటిష్ రూపాయిలో వెయ్యికి 917 పాళ్లు వెండి ఉంటే ఇందులో 818. మిగతాది ఎక్కువగా రాగి కావడం వల్లనో ఏమో, నా దగ్గరున్నవాటి రంగు నీలం కంటే ఇటుకరాయి, బెల్లం ఛాయల వైపు మొగ్గుతుంది. ద్వారం లోపల నీడలా ముదిరి, మినారు కొమ్మల మీద లేత బంగారంగా ఉన్న ఒక ఉస్మానియా రూపాయి నా దగ్గరుంది. సాయంకాలం పాతబస్తీలో నిలబడి చూసిన చార్మినార్‌కు, దానికి నాకు తేడా కనిపించదు. దాన్ని ఎవరైనా 'శుభ్రం' చేసి ఉంటే ఆ సాయంకాలం పోయేది. ఆ టంకసాల భవనంలో 2022లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు. పిల్లలను తీసుకెళ్లి చూపించవలసిన చోటు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడు 1919 రూపాయి గురించి విని, పంపించు అన్నయ్యా, ఇక్కడ గ్రేడింగ్ చేయించి పెట్టెలో బిగించి ఇస్తారు అన్నాడు. పంపలేదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. నాయనమ్మ గుర్తుగా రెండు రూపాయలు సూట్‌కేసులో వేసుకుని వెళ్లే మనవాళ్లు చాలామందికి ఈ సంగతి తెలియదు. పైగా దానికి ఎంత అంకె వస్తుందో తెలుసుకోవాలన్న ఆత్రం నాకు అంతగా లేదు. ఏనుగు చెవి కనిపిస్తోంది, చాలు.

దాన్ని ఇప్పుడు గట్టి పారదర్శకపు గుండ్రటి డబ్బీలో ఉంచాను. పీవీసీ లేనిది చూసి కొన్నాను. బీరువాలో ఉన్నిబట్టలకు, కర్పూరం గోలీలకు దూరంగా, తేమ పీల్చే చిన్న పొట్లం పక్కన పెట్టాను. చిట్టా జేబులో నుంచి తీసేశాను కాబట్టి రంగు ఇక చాలా నెమ్మదిగానే ముదురుతుంది. చేతికి తీసుకున్నప్పుడు అంచులే పట్టుకుంటాను. వేలిముద్ర చెమట కొన్ని నెలల తర్వాత ముద్రగానే పైకి తేలుతుంది, అది మళ్లీ పోదు.

తోమిన నాలుగింటినీ వ్రతానికి వాడుతూనే ఉన్నాం. ఇక తోమడం లేదు, నీళ్లతో కడిగి అద్దుతున్నాం, అంతే. మొన్న శ్రావణంలో అమ్మ అయిదో రూపాయి కూడా కలశం ముందు పెట్టాలంది. "అది నీదే కాదు, అత్తయ్యగారిది కూడా. ఇన్నేళ్లకు దొరికింది, అమ్మవారి ముందు ఉండొద్దూ?" అంది. నాకు కాదనడానికి మాట రాలేదు. డబ్బీతో సహా తెచ్చి నాలుగింటి పక్కన పెట్టాను. అమ్మ పసుపు, కుంకుమ అద్దిన వేలు డబ్బీ దాకా తీసుకొచ్చి ఆగి, నా వైపు చూసింది.

"మూత మీద పెట్టనా?"

"మూత మీద పెట్టమ్మా."

పెట్టింది. ఆ బొట్టు ఇప్పటికీ తుడవలేదు.